సెల్లారులో ఐదేళ్లు నిలిచిన కారు: తాళం తిప్పే ముందు చేయవలసిన పనులు

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని అపార్ట్‌మెంటు సెల్లారులో మీ నాన్నగారి 2008 మోడల్ మారుతి ఆల్టో 2020 మార్చి నుంచి కదలకుండా ఉందని, ఆయనకు చూపు తగ్గడంతో దాని తాళం ఎవరూ ముట్టుకోలేదని, హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిన మీరు ఇప్పుడు దానిని నడపాలనుకుంటున్నారని రాశారు. కొత్త బ్యాటరీ పెట్టి, ఐదు లీటర్ల పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే చాలునని వీధి చివరి మెకానిక్ అన్నాడు, అది నిజమేనా అన్నది మీ ప్రశ్న. ఆ మాటలో అబద్ధం లేదు. చాలా కార్లు అలా స్టార్ట్ అవుతాయి కూడా. కానీ గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపినవాడిగా చెబుతున్నాను: ఏళ్ల తరబడి నిలిచినందువల్ల పాడైన ఇంజన్లకంటే, నిలిచిన తరువాత ఎవరో తొందరపడి తాళం తిప్పిన మొదటి పది నిమిషాలలో పాడైన ఇంజన్లే నా షెడ్డుకు ఎక్కువగా వచ్చాయి. అందువల్ల ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అన్న వరుసే ఇక్కడ ముఖ్యం.

ఇంజను సంగతి తరువాత చూద్దాం. ముందు కారు అడుగుభాగం చూడండి. అనంతపురంలో ఐదేళ్లు నిలిచిన కారుకు, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఐదేళ్లు నిలిచిన కారుకు పోలికే లేదు. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలోని ఉప్పు గాలితో పాటు వచ్చి రేకు మీద కూర్చుంటుంది. ఉప్పుకు తేమను పీల్చుకునే గుణం ఉంది కనుక, వాన పడని రోజున కూడా ఆ రేకు మీద కంటికి కనిపించని తడి పొర ఉంటుంది. రోజూ తిరిగే కారుకు గాలి తగులుతుంది, వాన ఉప్పును కడుగుతుంది, ఇంజను వేడి కొంత ఆరబెడుతుంది; సెల్లారులో పడి ఉన్న కారుకు ఈ మూడూ లేవు. ఎండ తగలదు కనుక సెల్లారు మంచిదని మనవాళ్లు అనుకుంటారు. అది రంగుకు మంచిదే, రేకుకు మాత్రం కాదు.

పగటి వెలుగు సరిపోదు కనుక మంచి టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోండి. తలుపుల అడుగు అంచులు, అక్కడ నీరు బయటకు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలు, కాళ్ల కింది మ్యాట్లు ఎత్తితే కనిపించే నేల, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, జాకీ పెట్టే అంచులు, వెనుక సస్పెన్షన్ బాడీకి బిగించిన చోట్లు, నేల కింద వెనుకకు పోయే సన్నని బ్రేకు పైపులు, వీటన్నిటినీ స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగున మోగుతుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట మొనతో నొక్కండి. వైరు బ్రష్‌తో రుద్దితే పోయే గోధుమరంగు పొడిని చూసి భయపడనక్కరలేదు. పొరలు పొరలుగా ఊడి వస్తుంటే, మొన లోపలికి దిగుతుంటే మాత్రం ఆలోచించాలి. తలుపులకు, నేలకు మంచి టింకరింగ్ పనివాడు కొత్త రేకు వేయగలడు. సస్పెన్షన్ బిగించిన చోట రేకే మెత్తబడితే నా సలహా ఒక్కటే: దాని మీద ఇక ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఆ వయసు ఆల్టో ఇంజను బాగుచేయడం సులువు, శరీరం బాగుచేయడం దండగ. ఇంజను పనికి డబ్బంతా పోసిన తరువాత ఈ సంగతి తెలిసినవారు నాకు చాలామంది తెలుసు.

మీ నాన్నగారిని ఇంకొక ప్రశ్న అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన నాడు ఈ కారు ఎక్కడ ఉంది? చెట్లు కూలి, రేకులు ఎగిరివచ్చి తగిలి సొట్టలు పడిన కార్లతో ఆ తరువాత కొన్ని నెలలు ఆటోనగర్ కిటకిటలాడింది. యజమానుల తొందర, మా తొందర కలిసి, రేకును సరిగా కొట్టకుండా పుట్టీ దట్టంగా పట్టించి రంగు వేసి పంపిన కార్లు ఉన్నాయి. నా షెడ్డులోనూ ఆ పని జరిగింది, దాచడం ఎందుకు? పుట్టీ తేమను పట్టి ఉంచుతుంది, దాని వెనుక రేకు మౌనంగా తినుకుపోతుంది. ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బాడీ అంతా తిప్పితే, అంటని చోట పుట్టీ మందంగా ఉన్నట్లు లెక్క.

శరీరం గట్టిదని తేలితే బోనెట్ ఎత్తండి. సెల్లారు అనగానే ఎలుకలు, పందికొక్కులు గుర్తుకు రావాలి. మొట్టమొదట ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీసి చూడండి. అది వాటికి ఇష్టమైన ఇల్లు. పీచు, గుడ్డపీలికలు, కొబ్బరి ముక్కలు అందులో ఉండగా సెల్ఫ్ కొడితే ఆ చెత్త ఇంజను నోటిలోకి పోతుంది. తరువాత వైర్ల వెంబడి వేలు పోనిస్తూ కొరికిన చోట్లు వెతకండి. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు పోయే వైర్ల మీద తొడుగు పోయి రాగి కనిపిస్తే, బ్యాటరీ పెట్టక ముందే బాగుచేయించాలి, లేకపోతే ఫ్యూజుతో పోయేది కాస్తా వైరింగ్ మంటతో పోతుంది. ఈ పని చేసేటప్పుడు చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ చిన్న జబ్బు కాదు.

ఇక కారును సెల్లారు నుంచి బయటకు తేవాలి, ఎందుకంటే తరువాతి పనులు మూసిన చోట చేయదగినవి కావు. మీ నాన్నగారు హ్యాండ్ బ్రేకు వేసి వదిలి ఉంటారు. జాగ్రత్త గల మనిషి ఎవరైనా అదే చేస్తారు, ఈ ఒక్క చోట మాత్రం ఆ జాగ్రత్తే ఎదురు తిరుగుతుంది. వెనుక చక్రాల బ్రేకు డ్రమ్ములకు లోపల తుప్పు పట్టి, వాటిని ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు అంటుకుపోతాయి. హ్యాండిల్ దించినా చక్రం తిరగకపోతే, నలుగురిని పిలిచి బలంగా తోయించకండి, తాడు కట్టి లాగించకండి. లైనరు దాని పట్టీ నుంచి ఊడిపోయి డ్రమ్ములో అడ్డం పడుతుంది. కారును జాకీ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం విప్పి, డ్రమ్ము చుట్టూ సుత్తితో మెల్లగా తట్టండి. డ్రమ్ము ముఖం మీద, లోపల మరచుట్లు ఉన్న రెండు ఖాళీ రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో తగిన బోల్టులు వేసి రెండింటినీ ఒక్కొక్క చుట్టు చొప్పున సమానంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటకు వస్తుంది. ఇది ఓపిక పని, బలం పని కాదు.

టైర్ల మీద ఎక్కువ మాట్లాడనక్కరలేదు. పక్కగోడ మీద DOT (డాట్) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఐదేళ్లు ఒకే చోట బరువు మోసిన ఆ 145/80 ఆర్12 టైర్లు గాలి పడితే గుండ్రంగానే కనిపిస్తాయి, కారును తోసి రికవరీ వ్యాను మీదికి ఎక్కించడానికి పనికివస్తాయి. రోడ్డు మీద వేగంగా పోవడానికి పనికిరావు. స్టెప్నీని కూడా ఆ లెక్కలోనే చూడండి.

బ్రేకుల దగ్గర నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, నాలుగేళ్లు నిలిచిన ఒక జెన్ కారు ఇంజను చక్కగా పలికిందన్న సంబరంలో, బ్రేక్ ఆయిల్ రంగైనా చూడకుండా దానిని అడవివరం వైపు తీసుకువెళ్లాను. రెండుసార్లు బ్రేకు బాగానే పట్టింది. మూడోసారి, దిగుడులో, పెడల్ నేలకు తగిలింది. గేర్లు దించుతూ, హ్యాండ్ బ్రేకు లాగుతూ, చివరకు ఒక మట్టిగట్టుకు ఆనించి ఆపగలిగాను. ఎదురుగా ఎవరూ రాకపోవడం నా అదృష్టం. తరువాత, పెడల్ ఒత్తిడిని బ్రేకులకు పంపే మాస్టర్ సిలిండరు విప్పితే కారణం తెలిసింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే కదిలే కారుకైనా రెండేళ్లకొకసారి మార్చమంటారు. ఆ తేమ వల్ల సిలిండరు గోడ గుంటలు పడుతుంది. అక్కడి రబ్బరు కప్పు పెడల్ మామూలుగా తొక్కినంతకాలం బాగానే ఉండి, గట్టిగా తొక్కిన రోజున ఆ గరుకు భాగం మీదకు పోయి చిరుగుతుంది. కనుక మీ కారుకు వెనుక వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండరు కిట్టు, ముందు క్యాలిపర్ రబ్బర్లు, రబ్బరు హోసులు మార్పించి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి పైపులలో చేరిన గాలి తీయించండి. ఇదంతా ఇంజను స్టార్ట్ చేయడానికి ముందే. ఆగగలదని తేలని కారును కదిలించే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు, ముఖ్యంగా ఆ వీధి చివరి మెకానిక్‌కు.

పెట్రోలు విషయానికి వస్తే, ట్యాంకులో ఉన్నది ఇప్పుడు పెట్రోలు కాదనే అనుకోండి. కొన్ని నెలలకే దానిలోని తేలికపాటి భాగం ఆవిరైపోయి మండే గుణం తగ్గుతుంది, మిగిలినది గాలితో కలిసి జిగురుగా మారుతుంది. మూత తీసి వాసన చూస్తే తెలుస్తుంది: తాజా పెట్రోలు ఘాటుగా ఉంటుంది, ఇది పాత వార్నిషులా పులిసిన వాసన వేస్తుంది. దాని మీద ఐదు లీటర్లు కొత్తది పోస్తే ఆ జిగురు కరిగి, ట్యాంకు అడుగున ఉన్న తుప్పుతో కలిసి పంపుకు, ఫిల్టరుకు, ఇంజెక్టర్లకు ఎక్కుతుంది. మెకానిక్ చెప్పిన పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చనిది ఇదే. ట్యాంకు దింపించి, పూర్తిగా ఖాళీ చేయించి, లోపల చూసి కడిగించండి. పంపు జల్లెడను, ఫ్యూయల్ ఫిల్టరును మార్చండి. ట్యాంకు పైభాగాన్ని తప్పక చూడండి, కింద నుంచి కనిపించని ఆ చోటే మట్టి, ఉప్పు చేరి ముందుగా చిల్లు పడుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, అందుకే ఈ పని సెల్లారులో వద్దన్నాను. సెల్లారులోని కరెంటు మీటర్ల బోర్డు నుంచి వచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు. తీసిన పెట్రోలును గెడ్డలో, అంటే వీధి పక్క కాలువలో, పారబోయకండి, అది తిన్నగా సముద్రంలోకే పోతుంది. షెడ్డులో పాత ఇంధనం, పాత నూనె తీసుకుని పోయేవారికి అప్పగించమనండి.

దీనికి అనుబంధంగా ఇంకొక మాట. ఈ కారు తయారైన నాటికి, నిలిచిపోయిన నాటికి కూడా, ఇప్పటి పెట్రోలు లేదు. 2025 నాటికి పంపులలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే సాధారణమైంది. ఎండిపోయిన పాత రబ్బరు పైపులలోకి అది ప్రవహిస్తే అవి ఉబ్బడమో పగలడమో జరగవచ్చు. ఫ్యూయల్ పైపులన్నీ మార్చడానికి అయ్యే ఖర్చు తక్కువ, మార్చకపోతే వచ్చే నష్టం మంట రూపంలో ఉంటుంది. మొదటి నెల పాటు ప్రతి ఉదయం బోనెట్ ఎత్తి వాసన చూసే అలవాటు పెట్టుకోండి.

ఇప్పుడు ఇంజను. నిలిచిన ఇంజనులో నూనె అంతా కిందికి దిగిపోతుంది. సిలిండర్ గోడలు, పిస్టన్ రింగులు ఎండిపోయి ఉంటాయి. ఏదో ఒక వాల్వు తెరుచుకుని ఉన్న సిలిండరులోకి మన ఉప్పు గాలి ఐదేళ్లుగా వెళ్లి వస్తూనే ఉంది, అక్కడ సన్నని తుప్పు ఉంటుందనే అనుకోవాలి. మూడు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క రంధ్రంలో చెంచాడు శుభ్రమైన ఇంజను ఆయిల్ పోసి, ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు, వదిలేయండి. మరునాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి, ఇంజను మామూలుగా తిరిగే దిశలోనే చేతితో మెల్లగా తిప్పండి. ప్లగ్గులు లేవు కనుక అది తేలికగా తిరగాలి. బిగుసుకుంటే బలవంతం చేయకుండా మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి. నా షెడ్డులో ఒక ఇంజను ఇలా వారం రోజుల తరువాత తిరిగింది. మొదటి రోజే సెల్ఫ్ కొట్టి ఉంటే రింగులు విరిగేవి.

చేతితో రెండు పూర్తి చుట్లు తిరిగిన తరువాత పాత ఇంజను ఆయిల్ దింపండి. మజ్జిగలా తెల్లగా వస్తే అందులో నీరు చేరిందని అర్థం, ఆ పక్షంలో హెడ్ గ్యాస్కెట్ చూపించకుండా ముందుకు పోవద్దు. మామూలు నలుపైతే కొత్త ఫిల్టరుతో చౌక ధరలో దొరికే సరైన గ్రేడు ఆయిల్ పోయండి; ఇది కడగడానికే, ఎక్కువ రోజులు ఉండదు. వాల్వులను పిస్టన్లతో వరుస తప్పకుండా నడిపే రబ్బరు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా లేకపోతే మార్చవలసిందే. ఓడోమీటరు మీద అంకె తక్కువగా ఉందని చాలామంది ఊరుకుంటారు, కానీ రబ్బరుకు కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కే. బెల్టు తెగితే వాల్వులు దెబ్బతినే ప్రమాదం ఉంది. రేడియేటరులో ఉన్న నీరు దింపి శుభ్రం చేయించి, డిస్టిల్డ్ నీరు, కూలెంట్ సీసా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయండి. మనకు ఇక్కడ చలికి నీరు గడ్డకట్టదు కదా, కూలెంట్ ఎందుకని అడిగేవారు ఉన్నారు. అది తుప్పు పట్టకుండా చూడడానికి. తీరానికి దగ్గరి బోరు నీరు మాత్రం రేడియేటరులో పోయనే వద్దు.

బ్యాటరీ గురించి మెకానిక్ చెప్పింది సరైనదే: పాతది చార్జింగ్‌తో బతకదు. ఐదేళ్లు ఖాళీగా ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. కొత్తది బిగించేటప్పుడు ముందు ప్లస్, తరువాత మైనస్. క్లిప్పుల మీద పచ్చని, తెల్లని చిలుము ఉంటే వేడినీటితో కడిగి, ఆరిన తరువాత పెట్రోలియం జెల్లీ పూయండి.

అప్పుడు కూడా నేరుగా స్టార్ట్ చేయవద్దు. ప్లగ్గులు ఇంకా బయటే ఉంచి, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్ల కనెక్టర్లు విప్పి, సిలిండర్లలో పోసిన ఆయిల్ చిమ్ముతుంది కనుక ప్లగ్గుల రంధ్రాల మీద గుడ్డ కప్పి, పదేసి సెకన్ల చొప్పున, మధ్యలో నిమిషం విరామంతో సెల్ఫ్ కొట్టండి. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెజర్ లైటు ఆరేదాకా ఇలా చేస్తే పంపు నుంచి నూనె బేరింగులకు చేరినట్లు. తరువాతే కొత్త ప్లగ్గులు బిగించి, కనెక్టర్లు కలిపి, గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని తాళం తిప్పండి. మొదట వచ్చే నీలిరంగు పొగ మనం పోసిన ఆయిల్ కాలడం వల్ల, కొద్ది నిమిషాల్లో పోతుంది. రేస్ ఇవ్వకుండా, రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచి, ఆ సమయమంతా బోనెట్ తెరిచి, ఫైర్ ఎక్స్‌టింగ్విషరు చేతికి అందేలా పెట్టుకుని, ఎక్కడ కారుతోందో చూడండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో పని చేస్తోంది. క్లచ్ తొక్కినా గేరు పడక గర్రుమంటే ప్లేటు తుప్పుతో అంటుకుందని అర్థం. ఇంజను వేడెక్కిన తరువాత ఆపి, గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి, ముందు ఖాళీ చోటు చూసుకుని సెల్ఫ్ కొడితే చాలాసార్లు విడిపోతుంది. ఏసీ జోలికి ఈ నెల పోకండి.

కాగితాల మాట మీరు అడగలేదు కానీ, రోడ్డెక్కే ముందు అది తప్పదు. ఏపీ 31 నంబరుతో 2008లో రిజిస్టరైన కారుకు పదిహేనేళ్ల ఆర్సీ 2023లోనే ముగిసింది. పదిహేనేళ్లు దాటితే తుక్కు చేయాలన్నది ఢిల్లీ ప్రాంతపు నిబంధన గురించిన మాట. ఇక్కడ తనిఖీలో నెగ్గితే ఐదేళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకు ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, ఆలస్యానికి అదనపు రుసుము కూడా ఉంటుంది. బీమా గడువు తీరి 90 రోజులు దాటింది కనుక క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పోయినట్లే. 1000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో ఏడాదికి 2,094 రూపాయలుగా నిర్ణయించారు, పన్ను దానిపై అదనం. ఆర్సీ, బీమా రెండూ లేకుండా కారును నడిపి షెడ్డుకు గాని, మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయానికి గాని తీసుకువెళ్లకండి. రికవరీ వ్యాను మీద ఎక్కించండి. బీమా లేకుండా ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మీ జేబులోంచే.

అన్నీ అయిన తరువాత మొదటి వారం ఎంవీపీ కాలనీ లోపలి రోడ్ల మీదే, ఉదయం రద్దీ లేని వేళ, నలభై దాటకుండా తిప్పండి. ప్రతిసారీ ఆగాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు వదలడం లేదు. కైలాసగిరి ఎత్తు, సింహాచలం ఘాటు, భీమిలి రోడ్డు వేగం తరువాత చూసుకోవచ్చు. 500 కిలోమీటర్లు తిరిగాక ఆ చౌక ఆయిల్ దింపి, మళ్లీ కొత్త ఫిల్టరుతో మంచిది పోయించండి. అదే రోజు వెనుక డ్రమ్ములు మరొక్కసారి విప్పించి, వీల్ సిలిండర్ల చుట్టూ తడి ఉందేమో చూపించండి. మీ నాన్నగారిని ఎక్కించుకోవడం ఆ తరువాత పెట్టుకోండి.